ఫీల్డ్ బుక్ నుండి పట్టిక వరకు: విశ్లేషణకు రాతపూర్వకమైన దారి ఉండాలి

అమృతలూరు మండలంలో ఒక రైతు చేలో వరి ప్రయోగం వేసిన మరుసటి సంవత్సరం, అక్కడే జరిగిన రైతు సదస్సులో ఆ చేను ఆసామి రెండు కాగితాలు చేతపట్టుకొని లేచి నిలుచున్నారు. ఒకటి మేము పంచిన కరపత్రం. రెండవది మా వార్షిక నివేదికలోని పుట. ఎవరు తీసి ఇచ్చారో నాకు తెలియదు. "సారూ, రెండూ మీరు రాసినవేనండీ. ఇందులో ఎకరానికి బస్తాల్లో వేశారు, అందులో హెక్టారుకు కిలోల్లో వేశారు. మా అబ్బాయి లెక్కగట్టి చూస్తే రెంటికీ పొంతన కుదరడం లేదంటున్నాడు. చేను ఒకటే గదండీ?" అని అడిగారు. తేమ శాతంలో తేడా వల్ల అయి ఉండవచ్చునని చెప్పి కూర్చున్నాను. ఆ సమాధానం నిజమో కాదో ఆ క్షణాన నాకే తెలియదు.

తిరిగి వచ్చి కంప్యూటరులో వెతికితే ఆ ప్రయోగం పేరిట మూడు స్ప్రెడ్‌షీట్లు కనిపించాయి. ఒకదాని పేరు "ఫైనల్", రెండవది "ఫైనల్ 2", మూడవది "ఫైనల్ కరెక్ట్". మూడింటిలోనూ దిగుబడి వరుసలోని అంకెలు వేరు. ఏ వరుసను ఎప్పుడు, ఎందుకు మార్చానో ఎక్కడా రాసుకోలేదు. రెండు రోజులు కాగితపు ఫీల్డ్ బుక్ ముందు పెట్టుకొని ఒక్కొక్క ప్లాటు అంకెను సరిపోల్చిన తరువాత గాని విషయం తేలలేదు. ఒక ఫైలులో ధాన్యం బరువును 14 శాతం తేమకు సవరించాను. మరొక దానిలో కోసిన రోజున తూచిన బరువునే ఉంచాను. కరపత్రం రెండవ దాని నుండి వచ్చింది, నివేదిక మొదటి దాని నుండి వచ్చింది.

ఇది చిన్న తేడా కాదు. 22 శాతం తేమతో తూచిన 30 బస్తాలను 14 శాతానికి సవరిస్తే 78ని 86తో భాగించిన నిష్పత్తిలో తగ్గి 27 బస్తాల పైచిలుకు అవుతుంది. ఎకరానికి సుమారు మూడు బస్తాల తేడా. ఒక ఎరువుల మోతాదుకూ మరొక మోతాదుకూ మధ్య మేము సిఫారసు చేసే తేడా అనేకసార్లు అంతకన్నా తక్కువే ఉంటుంది.

ఈ అనుభవం తరువాతే నేను టెక్స్ట్ ఎడిటరులో గణాంక విశ్లేషణ చేసే పద్ధతిని గట్టిగా పట్టుకున్నాను. అంతకు ముందు అది నాకు తెలియనిది కాదు. తీరిక లేదని పక్కన పెట్టినది. మన పరిశోధనా కేంద్రాలలోనూ, విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలోనూ ప్రతి పట్టిక వెనుక దానిని పుట్టించిన ఆదేశాలు వరుసగా ఒక సాదా పాఠ్య ఫైలులో రాసి ఉండాలని నా అభిప్రాయం. ఆ అలవాటు నిలవాలంటే రాసే చోటు, లెక్క నడిచే చోటు ఒకే తెర మీద ఉండాలి. ఎడిటరుకు జోడించే అనుబంధం చేసే పని అదే.

ఇక్కడ ఒక మాట. విస్తరణ శాస్త్రవేత్తలైన పాఠకులకు ఎక్స్‌టెన్షన్ అనగానే వారి విభాగమే స్ఫురిస్తుంది. కంప్యూటరు వారి పరిభాషలో ఆ పదానికి, ఉన్న ప్రోగ్రామునకు కొత్త సామర్థ్యాన్ని తగిలించే చిన్న భాగమని అర్థం. ట్రాక్టరు ఒకటే, వెనుక గొర్రు తగిలిస్తే ఒక పని, రోటవేటర్ తగిలిస్తే మరొక పని చేసినట్లు, ఎడిటరు ఒకటే ఉండి దానికి తగిలించిన అనుబంధాన్ని బట్టి అది ఆర్ భాషకో, శాస్ భాషకో పనికి వస్తుంది.

ఏమిటీ పరికరం

నేను వాడేది ఈమాక్స్ అనే ఎడిటరు, దానికి తోడుగా ఈఎస్ఎస్ అనే అనుబంధం. ఈఎస్ఎస్ అంటే "ఈమాక్స్ స్పీక్స్ స్టాటిస్టిక్స్". ఈమాక్స్ 1976లో పుట్టింది. నేడు మనం వాడే గ్నూ ఈమాక్స్‌ను రిచర్డ్ స్టాల్మన్ 1985లో విడుదల చేశారు. ఆర్ భాష ఇంకా రాకముందే, బెల్ పరిశోధనాశాలలో పుట్టిన ఎస్ భాష కోసం 1989లో డగ్లస్ బేట్స్, ఎడ్ కేడమన్ ఈమాక్స్‌కు ఒక అనుబంధం రాశారు. తరువాత ఇతరులు దానిని పెంచారు, శాస్ కోసం వేరుగా రాసిన అనుబంధం దానిలో కలిసింది, అలా ఈఎస్ఎస్ అయింది. ఈ డగ్లస్ బేట్స్ మనకు కొత్తవారు కారు. మిశ్రమ నమూనాల కోసం ఆర్‌లో మనం పిలిచే ఎల్ఎంఈ4 ప్యాకేజీ వెనుక ఉన్న ప్రధాన రచయిత ఆయనే. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఆర్ భాష 1.0.0 రూపం 2000 ఫిబ్రవరి 29న వెలువడింది. ఇవన్నీ ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తాయి.

పని ఇలా సాగుతుంది. తెరను రెండుగా విడదీస్తాము. ఒక సగంలో మన ఆదేశాల ఫైలు, మరొక సగంలో నడుస్తున్న ఆర్. ఫైలులో ఒక వరుస రాసి కంట్రోల్ మీట పట్టుకొని ఎంటర్ నొక్కితే ఆ వరుస ఆర్‌కు వెళ్ళి, ఫలితం రెండవ సగంలో కనిపిస్తుంది. కర్సరు తరువాతి వరుసకు దిగుతుంది. కంట్రోల్ పట్టుకొని సి మీటను రెండుసార్లు నొక్కితే ఒక పేరా మొత్తం వెళుతుంది. అనుమానం వచ్చిన ఫంక్షన్‌పై కర్సరు ఉంచి సహాయ పుటను అక్కడే తెరవవచ్చు. బ్రాకెట్ మూయడం మరచిపోతే తరువాతి వరుస తనంతట తాను లోపలికి జరిగి నిలుస్తుంది. కన్ను దాని మీద పడుతుంది. రంగులు కూడా అంతే, కోట్ గుర్తు మూయకపోతే కింది పేజీ అంతా ఒకే రంగులోకి మారి తప్పును చాటుతుంది.

ఈఎస్ఎస్ నిర్మాతలు మొదటి నుండి ఒక ఆలోచనను పట్టుకొని ఉన్నారు. శాశ్వతమైనది మూల ఫైలు. కంప్యూటరు జ్ఞాపకంలో ఉన్న వస్తువులు ఆ ఫైలు నడవడం వల్ల ఏర్పడినవి మాత్రమే, ఎప్పుడైనా తిరిగి పుట్టించుకోవచ్చు. మన విద్యార్థులలో చాలామంది దీనికి తలకిందులుగా నడుస్తారు. ఆర్ మూసేటప్పుడు వర్క్‌స్పేస్ దాచమంటారా అని అడిగితే అవునని చెప్పి, నెల తరువాత తెరిచి, అందులో ఉన్న "డేటా3" ఎక్కడి నుండి వచ్చిందో గుర్తు లేక నా గదికి వస్తారు. ఆ ప్రశ్నకు వద్దు అని సమాధానం ఇవ్వడం అలవాటు చేసుకున్న విద్యార్థి సగం దారి నడిచినట్లే.

తప్పు ఎక్కడ కనబడుతుంది

డెల్టాలో మనం తరచు వేసే తరహా ప్రయోగం ఒకటి తీసుకుందాం. మూడు రెప్లికేషన్లు. మెయిన్ ప్లాట్లలో వరి సాగు పద్ధతులు మూడు: నాట్లు, డ్రమ్ సీడర్, వెద. సబ్ ప్లాట్లలో హెక్టారుకు 60, 80, 100, 120 కిలోల నత్రజని. మొత్తం 36 ప్లాట్లు, 35 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. స్ప్లిట్ ప్లాట్ పద్ధతిలో రెప్లికేషన్లకు 2, పద్ధతులకు 2, మొదటి ఎర్రరుకు 4, నత్రజనికి 3, పరస్పర ప్రభావానికి 6, రెండవ ఎర్రరుకు 18 రావాలి. పాన్సే, సుఖాత్మేల పుస్తకాన్ని 1954లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రచురించిన నాటి నుండి మన తరతరాల విద్యార్థులు చేత్తో కట్టిన లెక్క ఇది.

ఇప్పుడు ఆర్‌లో ఈ దత్తాంశాన్ని చదివించి, ఏమీ చెప్పకుండా అనోవా అడిగితే ఏమవుతుంది? రెప్లికేషన్లను 1, 2, 3 అని, నత్రజనిని 60, 80, 100, 120 అని రాశాము కనుక ఆర్ వాటిని కొలతలుగా భావిస్తుంది. అవి వర్గాలని దానికి తెలియదు. రెప్లికేషన్లకు 2 బదులు 1, నత్రజనికి 3 బదులు 1, పరస్పర ప్రభావానికి 6 బదులు 2 వస్తాయి. మిగిలిన 29 ఒకే ఎర్రరులోకి పోతాయి. ఆర్ ఎటువంటి హెచ్చరికా ఇవ్వదు. దాని దృష్టిలో అది సక్రమమైన ప్రశ్నే, మనం అడగదలచిన ప్రశ్న కాదు, అంతే.

ఆ తప్పు దిద్దుకొని, రెంటినీ ఫ్యాక్టర్లుగా మార్చిన విద్యార్థి కూడా రెండవ గుంటలో పడే అవకాశం ఉంది. నమూనాలో ఎర్రర్ అనే పదాన్ని చేర్చి, దాని బ్రాకెట్లలో రెప్లికేషన్ లోపల మెయిన్ ప్లాటు అని చెప్పకపోతే, 4, 18 అని విడిపోవలసిన ఎర్రర్లు 22గా కలిసిపోతాయి. అప్పుడు సాగు పద్ధతుల పరీక్షకు 5 శాతం స్థాయిలో పట్టిక విలువ 6.94 కావలసింది 3.44 అవుతుంది. సి.డి. లెక్కలో టి విలువ 2.776 బదులు 2.074 అవుతుంది. పైగా మెయిన్ ప్లాట్ల మధ్య వైవిధ్యం సాధారణంగా ఎక్కువ కనుక హారం కూడా తగ్గిపోతుంది. లేని తేడా ఉన్నట్లు కనబడుతుంది. వెద పద్ధతి నాట్లకంటే మెరుగనో, తక్కువనో మనం కరపత్రంలో అచ్చు వేస్తాము. కాలువ నీరు ఆలస్యమైన ఏడాది ఆ మాట నమ్మి వెద పెట్టే రైతు తన ఎకరాలను దాని మీద ఆధారపరుస్తాడు.

నేను బాహ్య పరీక్షకుడిగా చూసిన సిద్ధాంత గ్రంథాలలో ఈ రెండవ పొరపాటు ఉన్నదో లేదో చెప్పలేని సందర్భాలు అనేకం ఎదురయ్యాయి. పట్టికలో సగటులు, ఎస్.ఈ., సి.డి. ఉంటాయి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉండవు. "విశ్లేషణ ఎలా చేశారు?" అని అడిగితే, "సాఫ్ట్‌వేర్‌లో చేశామండీ" అని సమాధానం. ఏ బటన్ నొక్కారో విద్యార్థికి గుర్తు లేదు, ఉండవలసిన అవసరమూ అతనికి ఎవరూ చెప్పలేదు. ఆదేశాల ఫైలు చేతిలో ఉంటే ఎర్రర్ అనే పదం ఉన్నదో లేదో చూడడానికి నాకు అర నిమిషం చాలు.

ఆర్ రూపాంతరాలు మారడం కూడా ఇందులో భాగమే. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 4.0.0 వరకు, పదాలుగా ఉన్న వరుసలను ఆర్ చదివేటప్పుడే ఫ్యాక్టర్లుగా మార్చేది. ఆ రూపం నుండి మార్చడం మానింది. పాత ఆదేశాలు కొత్త యంత్రంలో వేరుగా ప్రవర్తించవచ్చు. అందుకే ఫైలు చివర, ఏ రూపాంతరంలో నడిపామో చెప్పే ఒక వరుసను ఉంచమని నా విద్యార్థులకు చెబుతాను.

స్ప్రెడ్‌షీటు సంగతి

స్ప్రెడ్‌షీటు మీద నాకు పగ లేదు. చేలో రాసిన అంకెలను ఎక్కించడానికి దానిని మించినది లేదు. అక్కడితో ఆపకపోవడమే చిక్కు. ప్లాటు సంఖ్యను 3-2 అని రాసే అలవాటు మనలో చాలామందికి ఉంది. మూడవ రెప్లికేషన్, రెండవ ప్లాటు అని అర్థం. గడిలో అలా కొట్టి చూడండి, అది తేదీగా మారిపోతుంది. మనకు ఇది నవ్వులాటగా ఉండవచ్చు గాని, జన్యు శాస్త్రవేత్తలకు పెద్ద చిక్కే అయింది. స్ప్రెడ్‌షీటులో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధనా పత్రాలలో సుమారు ఐదింట ఒకటి జన్యువుల పేర్లు తేదీలుగా మారిపోయి అచ్చయ్యాయని 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. చివరకు 2020లో కొన్ని మానవ జన్యువుల పేర్లనే మార్చుకోవలసి వచ్చింది. యంత్రం కోసం శాస్త్రం తన పేర్లు మార్చుకున్నది!

విస్తరణ విభాగం వారికి దీనికన్నా దగ్గర ఉదాహరణ అమృతలూరు పేరే. తెలుగులో అందరమూ ఒకలాగే రాస్తాము. ఇంగ్లీషులో రాసిన జాబితాలు తెరిచి చూస్తే, ఒకరు త తరువాత హెచ్ వేస్తారు, ఒకరు వేయరు. ఒకరు చివర యు చేరుస్తారు, ఒకరు ఎల్ తరువాత ఆర్‌తో ముగిస్తారు. మొదటి అక్షరాల తరువాత యు బదులు ఏ రాసినవారూ ఉన్నారు. మనిషి కంటికి అన్నీ ఒకే ఊరు. ఆర్‌కు అవి నాలుగు వేర్వేరు మండలాలు. సగటు తీస్తే నాలుగు సగటులు వస్తాయి, ఒక్కొక్కటి కొద్ది ప్లాట్ల మీద.

పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్వ్యవస్థీకరించినప్పుడు అమృతలూరు గుంటూరు జిల్లా నుండి బాపట్ల జిల్లాకు వచ్చింది. అంతకు ముందటి గణాంకాలన్నీ గుంటూరు పేరున ఉన్నాయి. పదేళ్ళ మినుము విస్తీర్ణాన్ని జిల్లావారీగా పేర్చిన పట్టికలో 2022 వద్ద గుంటూరు ఒక్కసారిగా కుంగిపోయినట్లు, బాపట్ల శూన్యం నుండి పుట్టినట్లు కనిపిస్తుంది. మాగాణి మినుములో పల్లాకు తెగులు, బంగారు తీగ బెడద వల్ల విస్తీర్ణం తగ్గిందా, జిల్లా గీత జరిగిందా అన్నది ఆ పట్టిక చెప్పదు. దీనికి పరిష్కారం రెండు పేరాల ఆదేశాలు: ఒకటి పేర్ల రూపాలన్నింటినీ ఒకదానికి మార్చేది, మరొకటి మండలాన్ని ఆధారంగా చేసుకొని అన్ని సంవత్సరాలకూ ఒకే జిల్లా హద్దును వేసేది. ఒకసారి రాస్తే, వచ్చే సంవత్సరపు దత్తాంశం రాగానే ఫైలును మళ్ళీ నడిపితే చాలు. స్ప్రెడ్‌షీటులో చేత్తో దిద్దినవారు ప్రతి ఏడూ మళ్ళీ దిద్దాలి, ప్రతి ఏడూ ఒకటి రెండు మరచిపోతారు.

అభ్యంతరాలు

విద్యార్థికి సమయం లేదన్నది మొదటి అభ్యంతరం. పీజీ రెండేళ్ళలో కోర్సులు, ప్రయోగం, రాత, వైవా. నిజమే. అయితే ఒక ప్రయోగంలో ధాన్యం దిగుబడి, గడ్డి దిగుబడి, పిలకలు, కంకులు, గింజలు, పోషకాల గ్రహణం ఇలా 30 లక్షణాలు కొలుస్తారు. రెండు సీజన్లు కలిపితే 60 విశ్లేషణలు. బటన్లు నొక్కేవారు 60 సార్లు నొక్కాలి. ఒక ప్లాటు అంకె తప్పని తేలితే మళ్ళీ మొదటి నుండి. ఫైలు రాసినవారు ఒక విశ్లేషణకు రాసి మిగిలిన వాటిపై తిప్పుతారు. మొదటి నెల నష్టపోయిన సమయం చివరి నెలలో తిరిగి వస్తుంది. ఆ చివరి నెల ఎలా ఉంటుందో మార్గదర్శకులందరికీ తెలుసు.

సులభమైన సేవలు ఉండగా ఇది ఎందుకన్నది రెండవది. హిసార్ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన ఆప్‌స్టాట్ మన విద్యార్థులకు చేసిన మేలు తక్కువ కాదు, నేనూ వాడాను. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుండి ఆర్ మీద కట్టిన గ్రేప్స్ ఉంది. వీటిలో సరైన విన్యాసాన్ని ఎంచుకుంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ తప్పే ప్రమాదం తక్కువ కూడా. ఆ మేరకు అవి నా పద్ధతికంటే మేలని ఒప్పుకుంటాను. కాని అవి దత్తాంశం ఎక్కించిన తరువాతి పనిని మాత్రమే చూస్తాయి. నా చేతిలో జరిగిన పొరపాటు దానికి ముందే జరిగింది: తేమ సవరణలో, బస్తా నుండి కిలోకు, ఎకరం నుండి హెక్టారుకు మారడంలో. పరిశోధకుడి తప్పులు ఎక్కువగా అక్కడే ఉంటాయని నా అనుభవం.

మూడవది భాష. ఆదేశాలన్నీ ఇంగ్లీషు కదా, గ్రామీణ విద్యార్థి బెదిరిపోడా? ఆదేశాలు ఇంగ్లీషే గాని, వాటి పక్కన రాసుకునే వివరణలు తెలుగులో రాసుకోవచ్చు. హ్యాష్ గుర్తు తరువాత ఉన్నదంతా ఆర్ వదిలివేస్తుంది. ఈమాక్స్‌లో తెలుగు టైపు పద్ధతులు లోపలే ఉన్నాయి; దానిలోని పలకరింపు పుట తెరిస్తే లోక భాషల నడుమ మన "నమస్కారం" కూడా కనబడుతుంది. నా దగ్గరి విద్యార్థులు కొందరు ఏ ప్లాటులో ఎలుకలు కొట్టాయో, ఏ ప్లాటు గట్టు తెగి మునిగిందో, దానిని ఎందుకు తొలగించారో తెలుగులోనే రాస్తున్నారు. ఇంగ్లీషులో అయితే "మిస్సింగ్ ప్లాట్" అని ఒక్క మాటతో పోయేది.

ఇక అసలైన అభ్యంతరం, నేను పూర్తిగా కొట్టివేయలేనిది: ఈమాక్స్ కష్టం. మీటల జోడింపులు చేతికి రావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఎడమ చిటికెన వేలు కంట్రోల్ మీట మీద నొప్పి పెట్టేది. ఒకప్పుడు ఈఎస్ఎస్‌లో అండర్‌స్కోర్ మీట నొక్కితే ఆర్ వారి బాణం గుర్తు పడేది; పేర్ల మధ్య అండర్‌స్కోర్ పెట్టే విద్యార్థులు విసుక్కునేవారు, కొత్త రూపాలలో ఆ అలవాటును తీసివేశారు. ఎం.ఎస్‌సి. విద్యార్థి ఆర్‌స్టూడియోతోనో, వీఎస్ కోడ్ ఎడిటరుకు ఆర్ అనుబంధం తగిలించుకొనో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఫైలు సాదా పాఠ్యం కనుక ఏ ఎడిటరులోనైనా తెరుచుకుంటుంది. ఇక్కడ పోయేదేమీ లేదు. పి.హెచ్‌డి. విద్యార్థులకూ, బహుళ కేంద్రాల దత్తాంశాన్ని ఏళ్ళ తరబడి మోయవలసిన శాస్త్రవేత్తలకూ మాత్రం ఈఎస్ఎస్ నేర్చుకోమని చెబుతాను. ఒకే అలవాటుతో ఆర్, శాస్ రెండూ నడుస్తాయి. లైసెన్సు ఉన్న రోజులలో రాసిన నా శాస్ ఫైళ్ళు, లైసెన్సు ముగిసిన తరువాత నడవకపోయినా, ఈఎస్ఎస్‌లో రంగులతో సహా తెరుచుకొని ఏ విన్యాసాన్ని ఎలా విశ్లేషించానో చెప్పాయి. వాటిని చూసే ఆర్‌లోకి మార్చుకున్నాను. కేంద్రంలోని పెద్ద కంప్యూటరులో నడుస్తున్న ఆర్‌కు ఇంటి ల్యాప్‌టాప్ నుండి వరుసలు పంపే సౌకర్యం కూడా ఇందులో ఉంది. కరెంటు పోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఏం చేయవచ్చు

సిద్ధాంత గ్రంథం సమర్పించేటప్పుడు మూడు ఫైళ్ళు జతచేయాలని నియమం పెట్టవచ్చు. సవరణ చేయని ముడి దత్తాంశం, ఆదేశాల ఫైలు, అది నడిచినప్పుడు వచ్చిన ఫలితాల ప్రతి. గ్రంథంలోని ప్రతి పట్టిక కింద డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అచ్చువేయాలి. పరీక్షకుడు వైవాకు ముందు ఒక పట్టికనైనా తన కంప్యూటరులో పుట్టించి చూడాలి. దీనికి ఖర్చు లేదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలైన నాటి విద్యార్థులు చేత్తో లెక్క కట్టి, ఆ కాగితాలను గైడుకు చూపించి సంతకం పెట్టించుకునేవారని మా గురువులు చెప్పేవారు. లెక్క కాగితం చూపించడం మనకు కొత్త కాదు. కంప్యూటరు వచ్చిన తరువాత మానివేశాము.

ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు పంచే కరపత్రాల విషయంలో ఇంకొంచెం తేలిక నియమం చాలు. అంకె ఏ ఫైలు నుండి వచ్చిందో కార్యాలయ ప్రతిపై రాయాలి. బదిలీ మీద వచ్చిన శాస్త్రవేత్త ముందటివారి అంకెను రక్షించవలసి వచ్చినప్పుడు, ఆ ఒక్క వరుస లేకపోతే ఆయన కూడా నాలాగే "తేమ శాతం అయి ఉండవచ్చు" అని చెప్పి కూర్చుంటాడు.

గణాంక శాస్త్రం బోధించే సహచరులు ఒకటి గమనించాలి. మన కోర్సులో సాఫ్ట్‌వేర్ ప్రాక్టికల్ చివరి వారాలలో వస్తుంది, పుస్తకంలోని శుభ్రమైన ఉదాహరణతో. దానిని ముందుకు తెచ్చి, విద్యార్థి తన సీనియర్ ఫీల్డ్ బుక్‌లోని మురికి దత్తాంశంతో పని చేసేలా మార్చితే బాగుంటుంది. ఒక ప్లాటు లేని, రెండు చోట్ల దిగుబడి గ్రాములలో రాసిన, ఒక చోట మండలం పేరు తప్పిన పుటలు మన బీరువాలలో ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి.

ఆ రైతు వద్దకు నేను తరువాతి ఖరీఫ్‌లో వెళ్ళాను. రెండు అంకెలలో కరపత్రంలోనిది తప్పని, అది తడి ధాన్యం బరువని చెప్పాను. ఆయన నవ్వి, "మిల్లు దగ్గర మాకూ తేమ కోసే తూకం వేస్తారులెండి" అన్నారు. ఆ ప్రయోగపు ఫీల్డ్ బుక్‌ను మొదటి పుట నుండి తిరిగి ఎక్కించి రాసిన ఆదేశాల ఫైలు ఇప్పుడు నా దగ్గర ఉంది. దాని మొదటి రెండు వరుసలు తెలుగులో ఉన్నాయి: బస్తా అంటే 75 కిలోల ధాన్యం. బరువులన్నీ 14 శాతం తేమకు సవరించినవి.